పెద్ద వయసులో పోయారని ఏడవకూడదా?

ప్రశ్న: మా అమ్మమ్మ చనిపోయి పది నెలలయింది. ఆవిడకు తొంభై నాలుగేళ్లని పెద్దమామయ్య, తొంభై రెండేనని పిన్ని అంటారు. ఎవరితో నా బాధ చెప్పుకున్నా "నిండు జీవితం గడిపింది, మునిమనవల్ని ఎత్తుకుంది, ఇంకేం కావాలి" అంటున్నారు. నాకు నలభై ఒక్కేళ్లు. ఈ వయసులో అమ్మమ్మ కోసం ఏడుస్తుంటే మా వారికీ వింతగానే ఉంది. కానీ అమ్మ ఉద్యోగానికి వెళ్తే నన్ను పెంచింది ఆవిడే. ఏడాది నిండే రోజున అందరం కలుస్తున్నాం. అమ్మమ్మ జీవితం గురించి ఒక చిన్న పుస్తకం రాసి, ఆ రోజు చదివి వినిపించమని నన్ను అడిగారు. రాయడానికి కూర్చుంటే ఆసుపత్రి మంచమే కళ్లముందుకు వస్తోంది. ఇంకో చిక్కు కూడా ఉంది. అమ్మమ్మ పెద్దత్తయ్యను ఏళ్ల తరబడి మాటలతో బాధపెట్టారు. చివరి ఏడేళ్లు ఆవిడకు సేవ చేసింది ఆ అత్తయ్యే. "అవన్నీ ఇప్పుడెందుకు, మంచి మాత్రమే రాయి" అంటోంది పిన్ని. ఏం చేయాలో తోచడం లేదు.

జవాబు: ముందు ఏడుపు సంగతి చూద్దాం. మీతో అలా అన్నవాళ్లు అబద్ధమేమీ చెప్పలేదు. కాకపోతే వాళ్లు ఆవిడ ఆయుష్షును లెక్కగట్టారు, మీ నష్టాన్ని కాదు. పదేళ్లప్పుడు అమ్మమ్మను పోగొట్టుకున్న పిల్లకు పదేళ్ల అలవాటు తెగిపోతుంది. మీకు నలభై ఏళ్లది తెగింది. మనిషి ఎంత ఎక్కువకాలం మనతో ఉంటే అంత తక్కువ బాధపడాలనే తర్కం నాకు ఎప్పుడూ అంతుపట్టలేదు. చుట్టూ ఉన్నవాళ్ల గుర్తింపు దక్కని దుఃఖం గురించి అమెరికన్ ఆచార్యుడు కెన్నెత్ డోకా 1989లోనే వివరంగా రాశారు. "ఇంత బాధ అవసరమా" అని లోకం అడిగినప్పుడు బాధ తగ్గదు, దాన్ని దాచుకునే శ్రమ అదనంగా వచ్చి పడుతుంది. మీ వారికి ఒక్క మాట సూటిగా చెప్పండి: "నన్ను పెంచిన మనిషి పోయారు." ఆయన వింతపడటం మనసు లేక కాకపోవచ్చు. అమ్మమ్మ అనే మాట వినగానే ఆయనకు గుర్తొచ్చే అనుబంధం వేరు కావచ్చు.

పది నెలలకు కూడా కన్నీళ్లు రావడం జబ్బు కాదు. దీర్ఘకాలిక దుఃఖాన్ని రుగ్మతగా గుర్తించాలంటే పెద్దవాళ్లలో కనీసం 12 నెలలు గడవాలని అమెరికా మానసిక వైద్యుల సంఘం 2022లో పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ గడువు 6 నెలలు. రెండు చోట్లా గడువొక్కటే సరిపోదు. పోయినవారి కోసం తీవ్రమైన తపన పట్టి ఉంచడం, దానివల్ల రోజువారీ జీవితం కుంటుపడటం కూడా ఉండాలి. మీరు పుస్తకం గురించి, అత్తయ్య మర్యాద గురించి ఇంతగా ఆలోచిస్తున్నారు కాబట్టి అంత దూరం వెళ్లినట్లు నాకు అనిపించడం లేదు. ఒకవేళ తిండీ నిద్రా పూర్తిగా తప్పినా, బతకాలనిపించకపోయినా ఈ గడువులేవీ చూడకుండా వెంటనే డాక్టరును కలవండి.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన విషయం మరొకటుంది. అందులో మీ అమ్మగారు ఒకే ఒక్కసారి, అదీ ఉద్యోగానికి వెళ్తూ కనిపించారు. ఆవిడకు పోయింది కన్నతల్లి. మీరు ఆవిడ ముందు, ఆవిడ మీ ముందు ఏడుపు మింగుకుంటున్నారేమో చూడండి. పుస్తకం పని ఆవిడ దగ్గరే మొదలుపెట్టడం మేలు.

ఇక ఆసుపత్రి మంచం. చివరి రోజులు దగ్గరివి, కలవరపెట్టినవి. అందుకే అవి ముందుకు తోసుకొస్తాయి. వాటిని తరిమేయాలని చూడకండి, వాటి వెనక ఉన్న ఏళ్లను తెచ్చి పక్కన పెట్టండి. మీరు పుట్టేసరికే అమ్మమ్మకు యాభై దాటాయి. అంటే ఆవిడ జీవితంలో సగానికి పైగా మీరు చూడనే లేదు. చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. వయసు మళ్లినవారికి సాధారణంగా పదేళ్ల నుంచి ముప్ఫై ఏళ్ల మధ్య జరిగినవి ఎక్కువగా గుర్తుంటాయని జ్ఞాపకశక్తి మీద పరిశోధనలు చెబుతున్నాయి. మీ పెద్దమామయ్యను ఆ వయసులోకి తీసుకెళ్తే మీకు దొరికేది ముప్ఫైల్లో, నలభైల్లో ఉన్న అమ్మమ్మ. నడుము వంగని, చూపు తగ్గని, బహుశా మీకు బొత్తిగా పరిచయం లేని మనిషి.

అయితే "అమ్మమ్మ ఎలా ఉండేది?" అని అడిగితే "దేవత" అంటారు, అక్కడితో సరి. కోపం వస్తే ఏం చేసేది, డబ్బు ఎక్కడ దాచేది, ఎవరితో మాట్లాడటం మానేసింది, ఎందుకు మళ్లీ కలిసింది, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఏం చేసింది? ఇలాంటివి అడగండి. ఒక్కొక్కరినీ విడివిడిగా కలవండి, ఒప్పుకుంటే ఫోనులో రికార్డు చేయండి. అందరూ ఒకచోట చేరితే గొంతు పెద్దగా ఉన్నవారి కథే అందరి కథ అయిపోతుంది. కథలు పొసగకపోతే రెండూ రాసేయండి. వయసు విషయంలో కూడా అంతే: "తొంభై రెండో, తొంభై నాలుగో, కన్నపిల్లలే ఇంకా తేల్చుకోలేదు" అని రాస్తే ఆ రోజు నవ్వడానికి ఒక చోటు దొరుకుతుంది.

అసలు చిక్కు అత్తయ్యది. మంచి మాత్రమే రాయమన్నందుకు పిన్నిని తప్పుపట్టలేను, తల్లి పోయి ఏడాది కూడా కాలేదు. కానీ "కోడలిని కూతురిలా చూసుకుంది" అని మీరు చదివితే, ఎదురుగా కూర్చున్న అత్తయ్య ఆ అబద్ధానికి తల ఊపాల్సి వస్తుంది. ఇన్నేళ్లు భరించినదానికి ఇది కొసరు. అలాగని ఆవిడ తరఫున పాత లెక్కలు తీర్చే పని కూడా మీది కాదు. మూడు వాక్యాలు చాలు: "అమ్మమ్మ మాట కటువు. దాన్ని అందరికన్నా ఎక్కువ భరించింది పెద్దత్తయ్య. చివరి ఏడేళ్లు అమ్మమ్మను కంటికి రెప్పలా చూసుకున్నదీ ఆవిడే." దీనికి వివరణలు తగిలించకండి. ముఖ్యంగా "అత్తయ్య అన్నీ క్షమించింది" అని మీరు రాయకండి. క్షమించారో లేదో మీకు తెలియదు. ఆవిడ ప్రేమతో చేశారో, బాధ్యతగా చేశారో, వేరే దారి లేక చేశారో కూడా మీకు తెలియదు.

ఆ మూడు వాక్యాలూ ఉండాలా వద్దా అన్నది పిన్ని నిర్ణయం కాదు, మీదీ కాదు. అత్తయ్యను ఒంటరిగా కలిసి అడగండి. "ఆ కాలంలో అత్తలంతా అలాగే ఉండేవారు" అంటూ మొదలుపెట్టకండి, అలా అంటే ఆవిడ చెప్పబోయేది గొంతులోనే ఆగిపోతుంది. ఆవిడకు దుఃఖంతో పాటు ఊరట కూడా కలిగి ఉండవచ్చు. ఏళ్ల తరబడి రోగిని చూసుకున్నవాళ్లలో అది మామూలే, అభిమానం లేదని దానర్థం కాదు. ఈ పది నెలల్లో ఆవిడను ఎవరైనా "నువ్వెలా ఉన్నావు" అని అడిగారా? బహుశా మీరే మొదటివారు కావచ్చు. కటువు మాటల ప్రస్తావన వద్దని ఆవిడ అంటే తీసేయండి. ఏడేళ్ల సేవ గురించి రాసిన వాక్యం మాత్రం ఎవరు వద్దన్నా ఉంచండి.

రాత పూర్తయ్యాక ముందు ఆవిడకే చదవడానికి ఇవ్వండి. అందరూ కలిసే రోజుకు కనీసం రెండు వారాల ముందు ఇస్తే, ఆవిడ మనసు మార్చుకున్నా దిద్దుకోవడానికి మీకు వ్యవధి ఉంటుంది.