పడవేసుకుని వెళ్తే యాట్ క్లబ్బులో రానిస్తారా? – మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మావారు మర్చంట్ నేవీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారండి. ఇప్పుడు మలేషియాలో లంకావి దగ్గర ఒక పాత సెయిల్ బోట్ బేరానికొచ్చింది, అది కొనుక్కుని ఇద్దరం మారిషస్ మీదుగా సౌతాఫ్రికా దాకా వెళ్దాం అంటున్నారు. సముద్రమంటే నాకు భయం లేదు, రేవుల్లో మమ్మల్ని ఎవరు పట్టించుకుంటారన్నదే భయం. తెరచాప పడవలవాళ్ళు చేరే యాట్ క్లబ్బులంటే కోటీశ్వరులవి కదా, మేం ఏ క్లబ్బులోనూ మెంబర్లం కాదు, గేటు దగ్గరే ఆపేస్తే ఏం చెయ్యాలి? – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీరు అడిగింది చాలా మంది అడగడానికి మొహమాటపడే విషయం. యాట్ క్లబ్బులన్నీ ఒక్కలాంటివి కావు. న్యూయార్క్ యాట్ క్లబ్ (1844) లాంటి చోట మాన్‌హటన్‌లోని వాళ్ళ బిల్డింగ్ లోపలికి మెంబరో, మెంబరు తీసుకొచ్చిన గెస్టో అయితే తప్ప అడుగు పెట్టలేం. కానీ మీరు వెళ్ళే దారి వేరు. అక్కడ రేవులోకొచ్చే ప్రతి పడవా రోజుల తరబడి సముద్రంలో నలిగి, తెరచాప చిరిగో ఇంజన్ మొరాయించో, నిద్రల్లేక వచ్చుంటుంది, ఆ క్లబ్బులో వాళ్ళు కూడా రేపు అలాగే ఇంకో రేవులోకి వెళ్ళాల్సిన వాళ్ళే, అందుకే అలాంటి చోట మనిషి ముందు, మెంబర్‌షిప్ కార్డు తర్వాత.

లంకావిలో అసలు సమస్యే ఉండదు. కువా ఊళ్ళో రాయల్ లంకావి యాట్ క్లబ్ ఉంది, డబ్బు కట్టి బెర్త్, అంటే పడవ కట్టేసుకునే చోటు, తీసుకుంటే చాలు. అక్కడి నుంచి సౌతాఫ్రికా వెళ్ళే పడవలు ఎక్కువగా రోడ్రిగ్స్, మారిషస్, రీయూనియన్ మీదుగా వస్తాయి, తుఫాన్ల సీజన్ మొదలయ్యేలోపు అంటే అక్టోబర్, నవంబర్‌లో సౌతాఫ్రికా తీరం చేరాలని చూస్తాయి. రీయూనియన్ నుంచి సౌతాఫ్రికా రేవు రిచర్డ్స్ బే సుమారు 1,400 నాటికల్ మైళ్ళు. అక్కడ జులులాండ్ యాట్ క్లబ్ ఉంది, ఇంకా కిందికి డర్బన్‌లో పాయింట్ యాట్ క్లబ్, రాయల్ నాటాల్ యాట్ క్లబ్ ఉన్నాయి. బయటి పడవలకి కొద్దికాలం విజిటర్ మెంబర్‌షిప్ ఇచ్చే అలవాటు అక్కడ ఎప్పటినుంచో ఉంది, దాంతో స్నానాల గదులు, వాషింగ్ మెషిన్, బార్, భోజనం అన్నీ వాడుకోవచ్చు. సాయంత్రం బయట బొగ్గుల మీద మాంసం కాలుస్తూ ఉంటారు, బ్రాయ్ అంటారు దాన్ని, మీరు శాకాహారులైతే ఓ గిన్నెడు పులిహోర చేసి పట్టుకెళ్ళండి, అరగంటలో అందరూ పరిచయం అయిపోతారు.

ఆ పరిచయాలు కాలక్షేపానికి అనుకోకండి, అక్కడ అవి ప్రాణావసరం. ఆ తీరం వెంబడి అగుల్హాస్ ప్రవాహం నైరుతి దిక్కుగా చాలా వేగంగా పోతూ ఉంటుంది, మీరూ అటే వెళ్ళాలి కాబట్టి మామూలుగా అది మీకు సాయమే. అదే నైరుతి నుంచి ఎదురుగాలి లేచిందంటే గాలీ ప్రవాహం ఢీకొని అలలు గోడల్లా నిటారుగా లేస్తాయి, పెద్ద పెద్ద ఓడలే దెబ్బతిన్న చోటది. డర్బన్ దాటాక ఈస్ట్ లండన్ దాకా సుమారు 250 నాటికల్ మైళ్ళు, మధ్యలో దూరి తలదాచుకోవడానికి సరైన రేవు లేదు. అందుకని క్లబ్బులో ముసలి సెయిలర్లు బారోమీటర్ చూసి చెప్తారు, ఇవాళ వద్దు, ఈ నైరుతి గాలి తగ్గుముఖం పట్టాక దాని తోక పట్టుకుని బయల్దేరు, దారిలో మళ్ళీ ఎదురుగాలి వస్తే ఒడ్డువైపు, మ్యాపులో 200 మీటర్ల లోతు చూపించే గీత లోపలికి వచ్చెయ్యి, అక్కడ అలలు తగ్గుతాయి అని. యాప్‌లో వెదర్ మీరూ చూస్తారు, కానీ ఆ నీళ్ళలో ముప్పై ఏళ్ళు తిరిగినాయన పక్కన కూర్చుని చెప్తే వచ్చే ధైర్యం వేరు. పైగా ఒక రేవు నుంచి ఇంకో రేవుకి కదలాలంటే అక్కడ ఫ్లైట్ ప్లాన్ అని ఒక ఫారం నింపే పద్ధతి ఉంది, దాని మీద క్లబ్బు లేదా మెరీనా (డబ్బు కట్టి పడవలు నిలుపుకునే చోటు) ముద్ర పడాలి, కాబట్టి ఆఫీసులో వాళ్ళతో మొదటి రోజే మంచిగా మాట్లాడి పెట్టుకోండి.

డర్బన్ గురించి ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. 1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడలో మొదలై మన తెలుగువాళ్ళు కూడా చెరకు తోటల్లో కూలికి అక్కడికి వెళ్ళారు, వాళ్ళ వారసులు 1931లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. వర్ణవివక్ష రోజుల్లో ఆ ఊళ్ళో బీచులు కూడా రంగుని బట్టి విడదీశారు, అంటే కళ్ళెదుట సముద్రం పెట్టుకుని ఆ పిల్లలు తమకి కేటాయించిన ముక్కలోనే దిగాలి. మన బొంబాయి మాత్రం తక్కువేం కాదు, 1846లో పెట్టిన రాయల్ బాంబే యాట్ క్లబ్‌లో తెల్లవాళ్ళ కాలంలో భారతీయులకి మెంబర్‌షిప్ లేదు. కాబట్టి ఏ క్లబ్బయినా ఆదరణ గురించి మాట్లాడితే నేను చూసేది దూరం నుంచి వచ్చినవాళ్ళని ఎలా చూస్తుంది అన్నదొక్కటే కాదు, గోడ అవతల ఉన్న ఊరివాళ్ళ పిల్లల్ని ఎలా చూస్తుందన్నది కూడా. మీరు డర్బన్‌లో ఉన్నప్పుడు మన సభ వాళ్ళని కలవండి, వీలైతే పడవ మీదకి పిలవండి.

ఇక చెయ్యాల్సిన పనులు. బయల్దేరేముందే ఏదో ఒక క్లబ్బులో మెంబర్లు అవండి, ఎందుకంటే చాలా క్లబ్బులు ఒకరి మెంబర్లని ఇంకొకరు ఆదరించాలని ఒప్పందం పెట్టుకుంటాయి, కార్డు, మీ క్లబ్బు సెక్రటరీ రాసిన పరిచయ లేఖ ఉంటే కొన్ని రాత్రులు గెస్ట్ డాక్‌లో, అంటే బయటి పడవలకి ఉంచిన చోట, ఉండనిస్తారు. ఇంగ్లండ్ వాళ్ళ క్రూయిజింగ్ అసోసియేషన్‌లో ఎవరైనా చేరొచ్చు, వాళ్ళకి చాలా రేవుల్లో స్థానిక ప్రతినిధులు ఉంటారు. 1954లో మొదలైన ఓషన్ క్రూయిజింగ్ క్లబ్‌కి కూడా అలాంటి ప్రతినిధులే ఉన్నారు, పోర్ట్ ఆఫీసర్లంటారు, దాంట్లో పూర్తి మెంబరు కావాలంటే ఆగకుండా 1,000 నాటికల్ మైళ్ళ ప్రయాణం చేసుండాలి, సముద్రం దాటే మీ మొదటి పెద్ద ప్రయాణంతో అది అయిపోతుంది. వెళ్ళే రేవుకి వారం ముందే ఈమెయిల్ పెట్టండి, పడవ పొడవు, నీళ్ళలో మునిగే లోతు, ఎంతమంది, ఎప్పుడొస్తారు అని నాలుగు లైన్లు చాలు. చెప్పాపెట్టకుండా వచ్చి ఎవరి బెర్త్‌లోనో కట్టేస్తే ఎంత మంచి క్లబ్బయినా మొహం మాడ్చుకుంటుంది మరి.

మీ ఊరి అమ్మాయి పి. స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి, ఇద్దరూ 2017 సెప్టెంబర్‌లో గోవా నుంచి నేవీ పడవ తారిణిలో బయల్దేరి 2018 మే నెలలో భూమి చుట్టి వచ్చిన ఆరుగురిలో ఉన్నారని మీకు తెలిసే ఉంటుంది. వాళ్ళు కేప్‌టౌన్‌లో కూడా ఆగారు. వాళ్ళ వెనక నేవీ ఉంది, ఎంబసీ ఉంది. మీ వెనక ఉండేది ఈ క్లబ్బులే, అందుకే ఇంత పొడుగ్గా చెప్పాను.

ప్రశ్న: ఫ్రీమాంట్‌లో ఉంటాను, సాఫ్ట్‌వేర్ జాబ్. శుక్రవారం సాయంత్రం బర్కిలీ వైపు వెళ్తే శాన్‌ఫ్రాన్సిస్కో బే నిండా తెల్ల తెరచాపలు కనిపిస్తాయి, క్లబ్ గేటు మీద మాత్రం మెంబర్స్ ఓన్లీ అని ఉంటుంది. బోట్ లేదు, వేలకి వేలు కట్టే స్తోమత లేదు. నాకు దారుందా? – ఒక పాఠకుడు, కాలిఫోర్నియా

జవాబు: ఉంది బ్రదర్, ఆ బోర్డు చూసి వెనక్కి వెళ్ళకండి. మీరు చూసినవి శుక్రవారం రేసులు, బర్కిలీ యాట్ క్లబ్, అవతల టిబురాన్‌లో కొరింథియన్ యాట్ క్లబ్ లాంటివి సీజన్‌లో నడిపిస్తాయి. ఒక్కో పడవకి నలుగురైదుగురు మనుషులు కావాలి, ఆఖరి నిమిషంలో ఎవరో ఒకరు ఆఫీసులో ఇరుక్కుంటారు, అలాంటప్పుడు లైఫ్ జాకెట్ పట్టుకుని డాక్ దగ్గర నిలబడ్డవాడికి చోటు దొరుకుతుంది. ముందుగా క్లబ్బుకి ఫోన్ చేసి క్రూగా, అంటే పడవ మీద పనిచేసే మనిషిగా, రావచ్చా అని అడగండి, కొత్తవాణ్ణని నిజం చెప్పండి, చెప్పిన టైంకి పది నిమిషాలు ముందే ఉండండి. లాటిట్యూడ్ 38 అని అక్కడి సెయిలింగ్ పత్రిక ఉంది, వాళ్ళ క్రూ లిస్టులో పేరు పెట్టుకోండి. ఎండాకాలం మధ్యాహ్నాలు అక్కడ గాలి వేగం 20 నాట్లు (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు) దాటడం మామూలే, నీళ్ళు చల్లగా ఉంటాయి, కాటన్ టీషర్టుతో వెళ్తే వణికిపోతారు. డెక్ మీద మరకలు పడని అడుగున్న షూ వేసుకోండి. రేసయ్యాక తాళ్ళు చుట్టి తెరచాప మడిచేదాకా ఉండండి, చాలా మంది కొత్తవాళ్ళు ఇక్కడే జారుకుంటారు, మళ్ళీ పిలుపు రాదు. తర్వాత పడవ నడిపించే స్కిప్పరే మిమ్మల్ని గెస్టుగా లోపలికి తీసుకెళ్తాడు.

పద్ధతిగా నేర్చుకోవాలంటే బర్కిలీ మెరీనాలోనే కాల్ సెయిలింగ్ క్లబ్ ఉంది, మెంబర్లే వాలంటీర్లుగా నడుపుకునే క్లబ్బు, పాఠాలు చెప్పేది వాళ్ళే, పడవలు బాగుచేసేదీ వాళ్ళే, అందుకే ఫీజు అందుబాటులో ఉంటుంది. కొన్ని వీకెండ్స్‌లో ఊరివాళ్ళని ఉచితంగా పడవెక్కిస్తారు కూడా, పిల్లల్ని తీసుకెళ్ళండి. నన్నడిగితే ప్రపంచంలో క్లబ్బంటే ఇలా ఉండాలి.

ప్రశ్న: మా పాప హుస్సేన్‌సాగర్‌లో ఆప్టిమిస్ట్ అనే చిన్నపిల్లల పడవతో మొదలుపెట్టి లేజర్ అనే ఒక్కరే నడిపే పడవ దాకా వచ్చింది. ఇప్పుడు చదువుకి సౌతాంప్టన్ పోతోంది. అక్కడ కొత్త పిల్లని రానిస్తరా? – ఒక తండ్రి, సికింద్రాబాద్

జవాబు: సెయిలింగ్‌కి అంతకంటే మంచి ఊరు ఇంగ్లండ్‌లో దొరకడం కష్టం అన్నా. ముందు యూనివర్సిటీ సెయిలింగ్ క్లబ్బులో చేరమనండి, మొదటి వారంలోనే. ఫెర్రీలో అరగంట పోతే ఐల్ ఆఫ్ వైట్ ద్వీపంలోని కౌస్ ఊరు వస్తుంది. అక్కడ 1815 నాటి రాయల్ యాట్ స్క్వాడ్రన్ కోటలోకి ఎవరు పడితే వాళ్ళు వెళ్ళలేరు, కానీ దాని ముందు వరసగా పెట్టిన ఇత్తడి ఫిరంగులు పేల్చి రేసు మొదలుపెట్టడం రోడ్డు మీద నిలబడి చూడొచ్చు. అదే ఊళ్ళో ఐలాండ్ సెయిలింగ్ క్లబ్ ఉంది, 1931 నుంచి ఆ ద్వీపం చుట్టూ రేసు నడిపేది వాళ్ళే, ఆ రేసుకి పడవలు వందల్లో వస్తాయి, పడవ మీద పనిచేసే చేతులు ఎప్పుడూ కావాలి. పాప ఇక్కడ ఆడిన రెగట్టాల (పడవ పోటీల) సర్టిఫికెట్లు తీసుకెళ్ళనివ్వండి. హైదరాబాద్ యాట్ క్లబ్ 2009 నుంచి పేదింటి పిల్లలకి కూడా చుక్కాని చేతికిచ్చి జాతీయ పోటీల దాకా పంపిస్తోంది, అలాంటి నీళ్ళలో నేర్చుకున్న పిల్ల ఎక్కడా బెదరక్కర్లేదు. చలికి డ్రైసూట్ (నీళ్ళు లోపలికి రాని సూటు) మాత్రం అక్కడే సెకండ్‌హ్యాండ్‌లో కొనమనండి.

ప్రశ్న: మన తీరానికి అలాంటి విదేశీ పడవొస్తే మనం ఏం చెయ్యాలండి? – ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మంచి ప్రశ్న, ఎందుకంటే మనకి కొచ్చి బోల్గాట్టిలో ఉన్నలాంటి మెరీనా లేదు, 1911లో పెట్టిన రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ కూడా పోర్టు గోడ లోపలే ఉంది, అంటే గేటు పాసు లేకుండా కుదరదు. పడవ తెరచాప స్తంభానికి పసుపు జెండా కనిపిస్తే కస్టమ్స్, ఇమిగ్రేషన్ ఇంకా అవ్వలేదని, అప్పటిదాకా ఎవరూ పడవెక్కకూడదు. ఆ జెండా దించాక పక్కకెళ్ళి పలకరించండి. వాళ్ళకి ముందు కావాల్సింది మంచినీళ్ళు, డబ్బాల్లో డీజిల్, కూరగాయలు, బట్టలుతికేవాళ్ళు, ఒక మెకానిక్ ఫోన్ నంబరు. డీజిల్ బంకు దాకా మీ బండి మీద తీసుకెళ్ళండి.