ప్రశ్న - జవాబు: 107 పాయింట్ల ప్రో బౌల్

ప్రశ్న: అమెరికన్ ఫుట్‌బాల్ ఆల్‌స్టార్ పోటీ అయిన ప్రో బౌల్‌లో అత్యధిక పాయింట్లు ఎప్పుడు నమోదయ్యాయి?

జవాబు: 2004 ఫిబ్రవరి 8న హొనొలులులోని అలోహా స్టేడియంలో ఎన్ఎఫ్‌సీ జట్టు ఏఎఫ్‌సీని 55-52తో ఓడించినప్పుడు (ఇవి అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లోని రెండు విభాగాల జట్లు). ఒక దశలో 13-38తో వెనుకబడిన ఎన్ఎఫ్‌సీని క్వార్టర్‌బ్యాక్ (బంతిని పాస్ చేసే ఆటగాడు) మార్క్ బల్జర్ నాలుగు టచ్‌డౌన్ (బంతిని ప్రత్యర్థి గోల్ గీత దాటించి చేసే స్కోరు) పాస్‌లతో గట్టెక్కించి, ఉత్తమ ఆటగాడిగా నిలిచాడు. అప్పట్లో ప్రో బౌల్‌లో గాయాల భయంతో ఎవరూ గట్టిగా అడ్డుకునేవారు కాదు. క్వార్టర్‌బ్యాక్ మీదికి అదనపు ఆటగాళ్లు దూకడాన్ని ప్రో బౌల్ నిబంధనలే ఒప్పుకునేవి కావు కనుక పాయింట్లు వరదలా వచ్చేవి. విచిత్రమేమంటే, ఆ లీగ్ సీజన్‌లో 37 ఫీల్డ్ గోల్స్‌కు (బంతిని గోల్ స్తంభాల మధ్య నుంచి తన్ని మూడు పాయింట్లు సాధించడం) 37 సాధించిన ఏఎఫ్‌సీ కిక్కర్ మైక్ వాండర్‌జాట్, స్కోరు సమం చేయగల చివరి 51 గజాల కిక్‌ను మాత్రం కుడివైపు బయటికి తన్నాడు.