ఫ్రిజ్ మాగ్నెట్ ఇస్తే పక్కింటావిడ మొహం ఎందుకు మారింది?

ప్రశ్న: నమస్కారమండీ. మా అబ్బాయి, కోడలు స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో ఉంటారు. వాళ్ళ దగ్గర మూణ్ణెల్లు ఉండి వచ్చాను. మధ్యలో లండన్ చూడ్డానికి వెళ్ళినప్పుడు బ్రిటిష్ జెండా బొమ్మ ఉన్న ఫ్రిజ్ మాగ్నెట్లు డజను కొన్నాను. పక్కింటి పెద్దావిడ చాలా మంచిది, ఒంట్లో బాగోలేనప్పుడు సూప్ కాచి తెచ్చిచ్చింది. ఆవిడకి ఒక మాగ్నెట్ ఇస్తే తీసుకుంది గానీ "మాది నీలం జెండా కదా" అని అదోలా నవ్వింది. కోడలైతే "అయ్యో అత్తయ్యా, ఆవిడకి అదిచ్చారా!" అని తల పట్టుకుంది. అది వాళ్ళ దేశం జెండా కాదా? నేను చేసిన తప్పేంటి?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: తప్పేం లేదమ్మా. స్కాట్లాండ్ కూడా బ్రిటన్‌లో భాగమే. ఆవిడకి పాస్‌పోర్టు ఉంటే దాని మీద 'బ్రిటిష్ సిటిజన్' అనే ఉంటుంది, స్కాటిష్ పాస్‌పోర్టు అనేది అసలు లేదు. కానీ "మీరెవరండీ" అని అడిగితే ఎవరూ పాస్‌పోర్టు తీసి చూసి చెప్పరు కదా. 2022 జనాభా లెక్కల్లో స్కాట్లాండ్‌లో 65.5 శాతం మంది 'స్కాటిష్ మాత్రమే' అని రాయించుకున్నారు, 'బ్రిటిష్ మాత్రమే' అన్నవాళ్ళు 13.9 శాతం. నాకు వీటికంటే ఆసక్తిగా అనిపించింది 'రెండూ' అన్నవాళ్ళ లెక్క. 2011లో 18.3 శాతం ఉన్నవాళ్ళు 8.2కి పడిపోయారు. అంటే పదకొండేళ్ళలో, ఇదీ నాదే అదీ నాదే అనుకునేవాళ్ళు సగానికి పైగా తగ్గారు, స్కాటిష్ వైపూ బ్రిటిష్ వైపూ రెండు పక్కలా అంకెలు పెరిగాయి.

మీ దగ్గర మాగ్నెట్ ఇంకొకటి మిగిలే ఉంటుంది, దగ్గరికెళ్ళి చూడండి. మధ్యలో ఎర్రటి ప్లస్ గుర్తు ఇంగ్లండ్‌ది, సెయింట్ జార్జ్ శిలువ. దాని వెనకాల నీలం మీద తెల్లటి ఇంటూ గుర్తు ఉంది చూశారా, అదే మీ పక్కింటావిడ చెప్పిన నీలం జెండా. సెయింట్ ఆండ్రూది, సాల్టైర్ అంటారు. ఆ తెల్ల ఇంటూ లోపల సన్నగా కనిపించే ఎర్ర ఇంటూ ఐర్లండ్ కోసం 1801లో చేర్చింది. వేల్స్‌కి మాత్రం ఏమీ లేదు, దాన్ని ముందే ఇంగ్లండ్‌లో కలిపేసుకున్నారు కాబట్టి లెక్కలోకే రాలేదు, పాపం.

ఇంగ్లండ్ వాళ్ళు స్కాట్లాండ్‌ని గెలిచి ఈ జెండా పెట్టారని చాలామంది అనుకుంటారు, జరిగింది అది కాదు. 1603లో ఎలిజబెత్ రాణి పిల్లల్లేకుండా పోతే చుట్టరికం కొద్దీ స్కాట్లాండ్ రాజు ఆరో జేమ్స్ వచ్చి లండన్ గద్దె కూడా ఎక్కాడు. రాజు ఒకడే, రాజ్యాలు మాత్రం రెండు. ఓడల మీద ఎగరేయడానికి 1606లో రెండు శిలువలూ కలిపి ఒక జెండా తయారు చేయిస్తే స్కాట్లాండ్ ఓడలవాళ్ళు వెంటనే ఫిర్యాదు పట్టుకొచ్చారు, మా శిలువ మీద నుంచి వాళ్ళ శిలువ పోతోందేమిటని. తమ తెల్ల ఇంటూ పైకి వచ్చేలా వేరే రకం జెండా కూడా అక్కడ కొంతకాలం వాడారు. 1801లో ఐర్లండ్ ఎరుపు చేర్చేటప్పుడు కూడా దాన్ని సరిగ్గా నడిమధ్యన వేయకుండా కాస్త పక్కకి జరిపారు, మధ్యలో వేస్తే స్కాట్లాండ్ తెలుపు ఒట్టి అంచులా మిగిలిపోతుందని. అందుకే ఆ జెండాని తలకిందులుగా ఎగరేసే ప్రమాదం ఉంది. కర్ర పక్కన, పై భాగంలో వెడల్పు తెల్ల పట్టీ పైకి ఉండాలి. పెద్ద పెద్ద ఆఫీసుల్లోనే తిరగేసి కట్టేస్తుంటారు, మన మాగ్నెట్ తయారుచేసినవాడు ఏం చేశాడో మీరే చూసి చెప్పండి.

ఇంత చరిత్ర తలుచుకుని ఆవిడ నవ్వి ఉండదు లెండి. గ్లాస్గోలో ఆ జెండాకి ఇంకో లెక్క ఉంది. ఆ ఊళ్ళో రెండు పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులు, రేంజర్స్, సెల్టిక్. రేంజర్స్ అభిమానులు ఎక్కువగా ప్రొటెస్టెంట్ నేపథ్యం ఉన్నవాళ్ళు, యూనియన్ జాక్, అంటే మీ మాగ్నెట్ మీదున్న బ్రిటిష్ జెండానే ఊపుతారు. సెల్టిక్‌ని ఐర్లండ్ నుంచి వలస వచ్చిన కాథలిక్కుల కోసం పెట్టారు కాబట్టి వాళ్ళ స్టాండ్‌లో ఐర్లండ్ మూడు రంగుల జెండాలు కనిపిస్తాయి. దాని మీదికి 2014 సెప్టెంబరు 18 రెఫరెండం వచ్చి పడింది. 'స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలా' అని అడిగితే 55.3 శాతం వద్దన్నారు, 44.7 శాతం కావాలన్నారు, ఓట్లు 84.6 శాతం పోలయ్యాయి. ఫలితం వచ్చిన రోజు సాయంత్రం గ్లాస్గో జార్జ్ స్క్వేర్‌లో యూనియన్ జాక్‌లు పట్టుకొచ్చిన గుంపుకీ 'కావాలి' పక్షం వాళ్ళకీ గొడవయింది. లండన్ టీ కప్పుల మీద ముచ్చటగా కనిపించే బొమ్మే, ఆ ఊళ్ళో కిటికీకి కడితే ఆ ఇంటాయన ఓటు ఎటు వేశాడో వీధంతా ఊహించేసుకుంటుంది.

అలాగని ఆవిడ విడిపోవాలనే మనిషి అని మీరు తీర్మానించేయకండి. 2011 లెక్కల్లో 'స్కాటిష్ మాత్రమే' అన్నవాళ్ళు 62.4 శాతం, మూడేళ్ళ తర్వాత 'కావాలి' అని ఓటేసింది 44.7 శాతం. నేను స్కాటిష్‌నే, ఉన్నచోటే ఉందాం అనుకున్నవాళ్ళు లక్షల్లో ఉన్నారన్నమాట. ఆ ప్రచారంలో నీలం జెండాని రెండు పక్షాలూ వాడాయి, ఏ పక్షమూ అవతలివాళ్ళకి వదిలేయలేదు.

ఈసారి వెళ్ళేటప్పుడు ఆవిడకి ఆత్రేయపురం పూతరేకులు పట్టుకెళ్ళండి.

ప్రశ్న: 2014లోనే మన తెలంగాణ వచ్చింది, అదే ఏడాది వాళ్ళూ ఓటేశారు. రెండూ ఒకటే అనుకోవచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఏడాది ఒకటే, పని వేరు. తెలంగాణ జూన్ 2న ఏర్పడింది, రాజ్యాంగం మూడో అధికరణం కింద పార్లమెంటు చేసిన చట్టంతో. జనం బ్యాలెట్‌లో అవును కాదు అని తేల్చింది కాదు. పైగా దేశంలోంచి బయటికి పోయే మాటే లేదు, జెండా అదే, పాస్‌పోర్టు అదే. స్కాట్లాండ్‌లో అడిగింది దేశం వదిలి వెళ్ళడం గురించి. మళ్ళీ అడుగుదామంటే కూడా లండన్ ఒప్పుకోవాలి, లేకుండా స్కాట్లాండ్ పార్లమెంటు సొంతంగా చట్టం చేయలేదని 2022 నవంబరులో అక్కడి సుప్రీంకోర్టు చెప్పేసింది. వాళ్ళ కోపం అక్కడుంది. 2016లో బ్రెగ్జిట్, అంటే యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావాలా అన్న ఓటింగులో స్కాట్లాండ్ 62 శాతం యూరప్‌తో ఉందామని వేస్తే, మొత్తం దేశం లెక్కలో ఆ మాట కొట్టుకుపోయింది కదా, ఆ మంట ఇంకా ఆరలేదు.

ప్రశ్న: ఒలింపిక్స్‌లో బ్రిటన్ అని ఒకే టీమ్, ఫుట్‌బాల్‌కొచ్చేసరికి స్కాట్లాండ్ వేరే. ఏంటీ కన్ఫ్యూజన్?
– ఇంటర్ విద్యార్థి, విజయవాడ

జవాబు: ఫుట్‌బాల్‌లో దేశాల మధ్య పోటీ అన్నది మొదలైందే ఆ రెండు జట్లతో కాబట్టి. 1872 నవంబరు 30న గ్లాస్గోలో స్కాట్లాండ్, ఇంగ్లండ్ ఆడాయి, గోల్ లేకుండా డ్రా. అప్పటికి ఫిఫా పుట్టనే లేదు, తర్వాత వచ్చి ఉన్నదాన్ని ఒప్పుకుంది. ఒలింపిక్స్‌కి మాత్రం దేశం లెక్క. స్కాట్లాండ్ సైక్లిస్టు క్రిస్ హోయ్ ఆరు ఒలింపిక్ బంగారు పతకాలు గెలిచింది బ్రిటన్ తరఫునే, కామన్వెల్త్ క్రీడల్లో అదే మనిషి స్కాట్లాండ్ తరఫున.

టెన్నిస్ ఆండీ ముర్రే మీద పాత జోకు ఒకటుంది, గెలిస్తే పేపర్లో 'బ్రిటిష్ ఆటగాడు', ఓడితే 'స్కాటిష్ ఆటగాడు' అని రాస్తారని. 2013లో ఆయన వింబుల్డన్ గెలిచినప్పుడు స్కాట్లాండ్ ఫస్ట్ మినిస్టర్ (అక్కడి ముఖ్యమంత్రి లాంటి పదవి) అలెక్స్ సాల్మండ్ రాయల్ బాక్సులో ప్రధాని కామెరాన్ వెనకాల లేచి నిలబడి నీలం జెండా విప్పేశాడు. పెద్ద జెండాలు లోపలికి తేకూడదని అక్కడ రూలు, అది ఆయన భార్య హ్యాండ్‌బ్యాగ్‌లో వచ్చింది. చిన్నపిల్లల పని అనేవాళ్ళు అన్నారు, నాకు మాత్రం ముందు వరసలో ఉన్న కామెరాన్ మొహం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఇంకో ముక్క. ఇంగ్లండ్, స్కాట్లాండ్ ఏటా రగ్బీలో కొట్టుకునే కప్పు పేరు కలకత్తా కప్పు. 1878లో కలకత్తాలోని రగ్బీ క్లబ్బు మూతపడితే బ్యాంకులో ఉన్న వెండి రూపాయలు తీయించి కరిగించి చేయించారు, పిడులు నాగుపాములు, మూత మీద ఏనుగు. ఆ రెండు జెండాల కొట్లాటలో మన రూపాయలు అలా ఇరుక్కున్నాయి.

ప్రశ్న: మా రాయలసీమలో కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రోని చిన్నప్పటి నుంచీ 'ఇంగ్లీషు దొర' అనే విన్నాం. ఆయన స్కాట్లాండ్ వాడని ఈమధ్య ఎవరో అన్నారు. నిజమేనా?
– రిటైర్డ్ టీచరు, అనంతపురం

జవాబు: నిజమే మాస్టారూ, 1761లో గ్లాస్గోలో పుట్టాడు. మద్రాసు గవర్నరుగా ఉండగా 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. మన ఊళ్ళ కైఫీయతులు (ఊరి చరిత్ర రాతలు), రాతప్రతులు పోగుచేసిన కాలిన్ మెకంజీ కూడా స్కాట్లాండ్ వాడే, అందులోనూ మారుమూల లూయిస్ దీవిలో స్టోర్నోవే. ఆయనకి ఆ పని చేసిపెట్టినవాళ్ళు మన ఏలూరు వైపు కావలి సోదరులు. తెల్లవాళ్ళందరినీ మనం ఆంగ్లేయులు అని ఒకే గాటన కట్టేశాం, వాళ్ళేమో అలా పిలిస్తే ఊరుకునే రకం కాదు.

ఇందులో స్కాట్లాండ్ వాళ్ళు పెద్దగా మాట్లాడని సంగతి ఒకటుంది. 1690ల చివర్లో వాళ్ళు పనామా దగ్గర డేరియన్ అనే చోట సొంత వలస పెట్టబోయి డబ్బూ మనుషులూ పోగొట్టుకున్నారు. ఆ నష్టం మీదే 1707లో రెండు పార్లమెంటులూ కలిసిపోయాయి, పరిహారం కింద స్కాట్లాండ్‌కి 3,98,085 పౌండ్లు ముట్టాయి. ఆ తర్వాత ఈస్టిండియా కంపెనీ ఉద్యోగాలు, సైన్యం, తేయాకు తోటలు, ఓడల కట్టడం, ఎక్కడ చూసినా వాళ్ళే. బ్రిటిష్ అనిపించుకోవడం ఆ రోజుల్లో లాభసాటి వ్యవహారం. సామ్రాజ్యం పోయాక, 1980ల్లో గనులూ ఉక్కూ మూతపడ్డాక, ఇంగ్లండ్ కంటే ఏడాది ముందే 1989లో పోల్ టాక్స్ (మనిషికింత అని వేసే తలపన్ను) నెత్తిన పడ్డాక, ఆ పేరుతో వచ్చేదేంటని లెక్కేసుకోవడం మొదలుపెట్టారు. నా దృష్టిలో స్కాటిష్ అనే మాటకి ఇప్పుడున్న ఊపు అక్కడి నుంచి వచ్చింది, కిల్టుల నుంచీ బ్యాగ్‌పైపుల నుంచీ కాదు. మేమూ ఇంగ్లండ్ బాధితులమే అని ఎవరైనా స్కాటిష్ స్నేహితుడు మీతో అంటే మాత్రం కాఫీ ఇచ్చి మన్రో సంగతి ఎత్తండి.

ప్రశ్న: ఎడిన్‌బరోలో ఎంఎస్ చేస్తున్నాను. అక్కడ చిల్లరగా వచ్చిన ఇరవై పౌండ్ల నోటు లండన్‌లో ఒక షాపువాడు తీసుకోలేదు. అది దొంగనోటా?
– ఒక విద్యార్థిని

జవాబు: దొంగనోటు కాదు. స్కాట్లాండ్‌లో మూడు బ్యాంకులకి సొంతంగా నోట్లు వేసుకునే హక్కుంది, విలువ కూడా అంతే. షాపువాడికి చూసి అలవాటు లేక భయపడి ఉంటాడు. లండన్ వెళ్ళే ముందు బ్యాంకులో మార్చుకో, లేకపోతే కార్డు గీకెయ్, సరిపోతుంది.

ప్రశ్న: నా మనవరాలికి ఏడేళ్ళు, ఎడిన్‌బరోలో చదువుతోంది. పాస్‌పోర్టు ఇండియాది. వీడియో కాల్‌లో "తాతయ్యా, నేను స్కాటిష్" అంటోంది. బ్రిటిష్ అన్నా అర్థం చేసుకునేవాణ్ణి. స్కూల్లో జెండా గీయమన్నారట, ఏ నీలం వేయాలని నన్నడుగుతోంది!
– ఒక తాతయ్య, కాకినాడ

జవాబు: తాతగారూ, టెన్షన్ పడకండి. బ్రిటిష్ అవ్వాలంటే హోం ఆఫీసు కాగితం కావాలి, స్కాటిష్ అనడానికి ఎవరి కాగితమూ అక్కర్లేదు, ఆ పిల్ల అదే కనిపెట్టింది. 2014 ఓటుకి కూడా పుట్టుక చూడలేదు, అక్కడ నివాసం ఉంటే చాలన్నారు. వీసా మీదున్న మనవాళ్ళు కూడా కామన్వెల్త్ పౌరులు కాబట్టి అర్హులే, లండన్‌లో స్థిరపడిన స్కాట్లాండ్ బిడ్డకి మాత్రం ఓటు లేదు. 2023లో ఫస్ట్ మినిస్టర్ అయిన హంజా యూసఫ్‌ది పాకిస్తాన్ నుంచి వెళ్ళిన కుటుంబం, విడిపోదాం అనే పార్టీ ఆయనది. కలిసే ఉండాలన్న ప్రధాని అప్పుడు రిషి సునాక్. వాళ్ళిద్దరి తాతలూ వింటే ఏమనుకునేవారో!

ఇక రంగు. అదీ పెద్ద తగువే, ఒక్కో గుడ్డ మీద ఒక్కో నీలం ఉండేది. 2003లో స్కాట్లాండ్ పార్లమెంటు కమిటీ కూర్చుని పాంటోన్ 300 (ప్రింటింగువాళ్ళు రంగులకి వాడే నంబరు) వాడమని చెప్పింది. క్రేయాన్ల డబ్బాలో ఆకాశం రంగు కంటే ముదురుది, నేవీ బ్లూ కంటే లేతది తీయమనండి. తెలుపు వేయక్కర్లేదు, ఇంటూ గుర్తు ఉన్నచోట కాగితం అలాగే వదిలేస్తే సరి.