పాత ఆసిల్లోస్కోప్‌లో గీత రాకపోతే ముందు ఏం చూడాలి?

టెక్‌ట్రానిక్స్ 465 ఆసిల్లోస్కోప్ (విద్యుత్ సిగ్నల్‌ను తెర మీద గీతగా చూపించే పరికరం) ఆన్ చేస్తే లైటు వెలుగుతోంది, తెర మీద గీత మాత్రం రావడం లేదని అడిగారు.

ముందు బీమ్ ఫైండ్ బటన్ నొక్కండి. గీత తెర బయటికి జరిగిపోయి ఉంటే లోపలికి వస్తుంది. రాకపోతే మల్టీమీటర్‌తో పవర్ సప్లై లైన్లలో 110, 55, 15, 5, మైనస్ 8 వోల్టులు వస్తున్నాయేమో చూడండి. ఏదైనా సున్నా దగ్గరుంటే నా మొదటి అనుమానం టాంటాలం కెపాసిటర్ల (టాంటాలం లోహంతో చేసిన, కరెంటును నిల్వ చేసే చిన్న భాగాలు) మీదే. 1970ల నాటి సెట్లలో అవి షార్ట్ అవడం మామూలే. ప్లగ్ పీకి, ఆ లైన్‌కీ గ్రౌండ్‌కీ మధ్య ఓమ్స్ కొలవండి. ఒకటి రెండే చూపిస్తే, చింతగింజంత ఉండే ఆ కెపాసిటర్ల కాళ్లు ఒక్కొక్కటిగా విప్పుతూ పోండి. ఏది తీయగానే రీడింగ్ పెరుగుతుందో అదే దొంగ.

పిక్చర్ ట్యూబ్ వైపు మాత్రం దయచేసి చెయ్యి పెట్టకండి. అక్కడ దాదాపు 18,000 వోల్టులు, ఆపేశాక కూడా కొంతసేపు నిలిచే ఉంటాయి.