ముందు సర్టిఫికెట్, తర్వాత పెళ్లి: సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న: వకీలు గారూ, మాది నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గర ఒక ఊరు. బీటెక్ చేసి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. అమెరికాలో హెచ్-1బి ఉద్యోగ వీసా మీద పనిచేసే అబ్బాయితో నిశ్చితార్థం అయింది. ఇప్పుడు మూఢం ఉందని పెళ్లి మూడు నెలల తర్వాత పెట్టుకున్నారు. ఈలోగా అబ్బాయి పది రోజుల సెలవు మీద వస్తున్నాడు. అప్పుడే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ చేయించి, ఆ సర్టిఫికెట్‌తో, భార్యకిచ్చే హెచ్-4 వీసాకు పెట్టేస్తే, పెళ్లి అయ్యేసరికి వీసా చేతిలో ఉంటుందని వాళ్ల మేనమామ అంటున్నాడు. మా నాన్న సరేనన్నారు. నాకే టెన్షన్‌గా ఉంది. సంతకం పెట్టొచ్చా? అక్కడికి వెళ్లాక నేను ఉద్యోగం చేసుకోవచ్చా?

జవాబు: అమ్మా, నీ టెన్షన్‌లో అర్థం ఉంది. వాళ్లు చెప్పిన పద్ధతిలో అయితే సంతకం పెట్టొద్దు. ఈ మధ్య అమెరికా సంబంధం కుదిరిన ప్రతి ఇంట్లో ఇదే మాట వినపడుతోంది. అందుకే కొంచెం వివరంగా చెబుతాను. ఈ జవాబు మీ నాన్నకు కూడా చదివి వినిపించు.

హిందూ వివాహ చట్టం 1955లో రెండు సెక్షన్లు చూడాలి. పెళ్లి ఎలా జరుగుతుందో 7వ సెక్షన్ చెబుతుంది. అబ్బాయి వైపు గానీ అమ్మాయి వైపు గానీ ఆచారంలో ఉన్న క్రతువు ప్రకారం జరగాలి. ఆ ఆచారంలో సప్తపది ఉంటే ఏడో అడుగు పడినప్పుడే పెళ్లి పూర్తయినట్టు. జరిగిన పెళ్లిని రికార్డులోకి ఎక్కించడం 8వ సెక్షన్ పని. అంటే సబ్ రిజిస్ట్రార్ మీకు ఈ చట్టం కింద పెళ్లి చేయడు, అయిపోయిన పెళ్లిని నమోదు చేస్తాడు. క్రతువు లేకుండా ఆ కాగితం తీసుకోవడం బిడ్డ పుట్టకముందే జనన ధ్రువపత్రం తీసుకోవడం లాంటిది.

ఆ దరఖాస్తు ఒకసారి తెప్పించుకుని చూడు. పెళ్లి ఏ తేదీన జరిగింది, ఎక్కడ జరిగింది అని అడుగుతారు. పెళ్లి ఫొటో, శుభలేఖ, సాక్షుల సంతకాలు కావాలంటారు. మరి మీరు అక్కడ ఏం రాస్తారు? బయట దొరికే ఏజెంట్లు దీనికో దారి చెబుతారు. రెండు పూలదండలు కొనిపించి, పక్కన గుడి ముందు నిలబెట్టి ఫొటో తీయిస్తారు. ఏదో ఒక తేదీ వేసి ఆ గుడిలోనే పెళ్లి జరిగిందని రాయిస్తారు. కింద సంతకం మాత్రం నీది. జరగని పెళ్లి జరిగిందని ప్రభుత్వ ఆఫీసులో రాసివ్వడం తప్పుడు సమాచారం ఇవ్వడమే. రేపు గొడవ వస్తే ఆ ఏజెంటు కనపడడు.

ఇదే విషయం మీద 2024 ఏప్రిల్ 19న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. డాలీ రాణి వర్సెస్ మనీష్ కుమార్ చంచల్ కేసు అంటారు. ఇద్దరూ పైలట్లు. నిశ్చితార్థం అయ్యాక ఒక సంస్థ దగ్గర సర్టిఫికెట్ తీసుకుని రిజిస్టర్ చేయించుకున్నారు. అసలు పెళ్లి తర్వాత పెట్టుకుందామనుకున్నారు. అది జరగకముందే మనస్పర్థలు వచ్చాయి. జస్టిస్ బి.వి.నాగరత్న, జస్టిస్ ఆగస్టిన్ జార్జ్ మసీహ్‌ల ధర్మాసనం, క్రతువు జరగలేదు కాబట్టి అది హిందూ వివాహమే కాదని, ఆ సర్టిఫికెట్లు చెల్లవని తేల్చింది. వీసా కోసం ముందే రిజిస్టర్ చేయించుకునే ఈ అలవాటును తీర్పులో ప్రత్యేకంగా ప్రస్తావించి, అలా చేయొద్దని చెప్పింది.

ఇందులో అమ్మాయికి ఎంత నష్టమో ఎవరూ లెక్క వేయరు. ఈ మూడు నెలల్లో ఏదైనా తేడా వచ్చి సంబంధం చెడిపోయిందనుకో. కాగితం మీద నీకు పెళ్లయిపోయింది. ఇంకో సంబంధం చూడాలంటే ముందు ఆ కాగితాన్ని రద్దు చేయించుకోవాలి. ఫ్యామిలీ కోర్టులో అది చెల్లని పెళ్లి అని డిక్లరేషన్ కోసం దావా వేయాలి, వాయిదాలకు తిరగాలి. విడాకులు తీసుకుందామంటే, మామూలుగా పెళ్లయిన ఏడాది వరకూ పిటిషనే వేయనివ్వరు. పోనీ భార్యగా మనోవర్తి అడుగుదామంటే, అసలు పెళ్లే జరగలేదని అటువైపు లాయరు ఇదే సుప్రీంకోర్టు తీర్పు తెచ్చి చూపిస్తాడు. పెళ్లయిన ముద్ర నీ మీద పడుతుంది, భార్య హక్కు మాత్రం రాదు. అబ్బాయికి కూడా చిక్కే గానీ, మన ఊళ్లలో ఆ భారం ఎవరి మీద ఎక్కువ పడుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక అమెరికా వైపు సంగతి. పెళ్లి జరిగిన చోట చట్టం ప్రకారం అది చెల్లితేనే అమెరికా ఇమిగ్రేషన్ వాళ్లు దాన్ని పెళ్లిగా చూస్తారు. మన దగ్గర చెల్లని పెళ్లి అక్కడా చెల్లదు. నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు పెళ్లి ఎప్పుడైంది, ఎవరెవరు వచ్చారు, ఫొటోలు చూపించండి అంటారు. డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారంలో వివాహిత అని రాస్తావు. పైగా 2025 డిసెంబర్ 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 వాళ్ల సోషల్ మీడియా కూడా చూస్తున్నారు. ప్రొఫైళ్లు పబ్లిక్‌లో పెట్టమంటున్నారు. సర్టిఫికెట్‌లో ఒక తేదీ, ఇన్‌స్టాగ్రామ్‌లో మూడు నెలల తర్వాతి తేదీతో 'సేవ్ ద డేట్' వీడియో ఉంటే ఆఫీసరు ఏమనుకుంటాడు? వీసా కోసం కావాలని అబద్ధం చెప్పినట్టు తేలితే అమెరికా చట్టంలో శాశ్వత నిషేధం పడుతుంది. దాన్నుంచి మినహాయింపు దొరకడం చాలా కష్టం. రేపు గ్రీన్ కార్డు దశలో కూడా ఇదే పెళ్లి కాగితం మళ్లీ తిరగేస్తారు.

ముందు విజిటర్ వీసా మీద వెళ్లి అక్కడే మార్చుకోవచ్చని కూడా ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వినొద్దు. కాపురానికి వెళ్తూ చుట్టపుచూపుగా వెళ్తున్నానని చెప్పడం కూడా ఆ అబద్ధాల్లోదే. వీడియో కాల్‌లో పెళ్లి చేసుకునే మాట కూడా వద్దు. వధూవరులు ఒకరి సమక్షంలో ఒకరు లేని పెళ్లిని, ఆ తర్వాత కాపురం జరిగితే తప్ప, అమెరికా ఇమిగ్రేషన్ చట్టం గుర్తించదు.

మరి ఏం చేయాలి? ముందుగా ఒక సంగతి తెలుసుకోండి. హెచ్-4కి లాటరీ లేదు, కోటా లేదు. అబ్బాయి హెచ్-1బి సరిగ్గా ఉంటే భార్యగా నువ్వు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. కాబట్టి అన్నిటికన్నా మంచి దారి మూఢం పోయేదాకా ఆగడం. పెళ్లి చేసుకుని మర్నాడో ఆ మర్నాడో రిజిస్ట్రేషన్ చేయించుకోండి. అబ్బాయి ముందు వెళ్లిపోయినా నీ అపాయింట్‌మెంట్ నువ్వు తీసుకోవచ్చు. రెండు మూడు నెలలు ఆలస్యమైతే పోయేదేమీ లేదు.

నిజంగానే తొందర ఉంటే, అబ్బాయి వచ్చిన పది రోజుల్లోనే అసలు పెళ్లి చేసేయండి. చెరువుగట్టులోనో యాదగిరిగుట్టలోనో ఇరువైపుల పెద్దల మధ్య జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు, ఏడడుగులు అన్నీ పద్ధతిగా జరగాలి. గుడి రసీదు, ఫొటోలు దాచుకోండి. ఆ తేదీతోనే రిజిస్టర్ చేయించండి. మూడు నెలల తర్వాత ఊళ్లో రిసెప్షన్ పెట్టి అందరికీ భోజనాలు పెట్టుకోవచ్చు. చట్టం క్రతువు జరిగిందా లేదా అని చూస్తుంది, ముహూర్తం చూడదు. కానీ మూఢంలో తాళి కట్టడానికి మీ ఇంట్లో ఒప్పుకోకపోవచ్చు. అది మీ నమ్మకం, దాన్ని కాదనమని నేను చెప్పను.

అలాంటప్పుడు ఉన్నది 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ యాక్ట్. ఈ చట్టం కింద మ్యారేజ్ ఆఫీసర్ ముందు, ముగ్గురు సాక్షులతో జరిగేదే పెళ్లి. ఇక్కడ క్రతువు అవసరం లేదు. ఆ సర్టిఫికెట్టే పెళ్లికి తిరుగులేని రుజువు. తర్వాత మంచి రోజు చూసి శాస్త్రోక్తంగా జరుపుకున్నా ఇబ్బంది లేదు. కానీ అప్పుడు చట్టం దృష్టిలో నీ పెళ్లి తేదీ ఆఫీసులో జరిగిన రోజే, దాన్ని ఎక్కడా దాచకూడదు. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఆ జిల్లాలో ఉంటూ ఉండాలి. నోటీసు ఇచ్చి 30 రోజులు ఆగాలి, మూడు నెలల లోపు పెళ్లి చేసుకోవాలి. పది రోజుల సెలవుకు ఇది అతకాలంటే నోటీసు ముందే పడాలి. అబ్బాయి అక్కడి నుంచి సంతకం చేసి పంపితే తీసుకుంటారో, ఆయన కూడా వచ్చి ఇవ్వాలంటారో ఆయన టికెట్ బుక్ చేసుకోకముందే మీ పరిధిలోని ఆఫీసులో అడగండి. ఇది పూర్తి స్థాయి పెళ్లి అని మాత్రం మరిచిపోవద్దు. ఆ రోజు నుంచి నువ్వు ఆయన భార్యవే. సంతకం పెట్టేముందు ఆ సంగతి నీ మనసుకు సరేననిపించాలి.

పేర్ల విషయంలో మన పిల్లలు చాలా ఇబ్బంది పడుతున్నారు. సర్టిఫికెట్‌లో పేరు, పాస్‌పోర్టులో పేరు, పదో తరగతి మెమోలో పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరంగా రాయించొద్దు. నీ పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉందేమో ఇప్పుడే చూడు. అలా ఉంటే అమెరికా వీసా మీద నీ పేరంతా ఇంటిపేరు గడిలోకి పోయి, అసలు పేరు దగ్గర ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. తర్వాత డ్రైవింగ్ లైసెన్సు దగ్గర్నుంచి అన్నిచోట్లా తలనొప్పే. ముందే సరిచేయించుకో. పెళ్లయిందని భర్త ఇంటిపేరుకు మారాలన్న రూలేమీ లేదు.

ఇక నీ ఉద్యోగం. హెచ్-4 మీద చదువుకోవచ్చు గానీ, వెళ్లగానే పనిచేయడానికి వీల్లేదు. 2015లో వచ్చిన రూలు ప్రకారం, భర్తకు గ్రీన్ కార్డు దారిలో ఐ-140 (కంపెనీ ఆయన కోసం వేసే గ్రీన్ కార్డు పిటిషన్) ఆమోదం అయి ఉంటే, లేదా ఆ గ్రీన్ కార్డు ప్రక్రియ వల్లే ఆయన హెచ్-1బిని ఆరేళ్లు దాటి పొడిగించి ఉంటే, నువ్వు వర్క్ పర్మిట్‌కు పెట్టుకోవచ్చు. అది చేతికి వచ్చేదాకా ఇక్కడి కంపెనీకి అక్కడ కూర్చుని పనిచేస్తానన్నా చిక్కే. 2025 అక్టోబర్ 30 నుంచి రెన్యువల్ దరఖాస్తు పెండింగ్‌లో ఉండగా పర్మిట్ గడువు దానంతటదే పెరిగే సౌకర్యం కూడా తీసేశారు. అందుకని అబ్బాయిని సూటిగా అడుగు: 'మీ ఐ-140 అప్రూవ్ అయిందా?' కాలేదంటే ఎన్నేళ్లు ఇంట్లో ఉండాల్సి వస్తుందో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. ఉద్యోగం చేస్తున్న అమ్మాయికి ఇది నగల కంటే, ఫంక్షన్ హాల్ కంటే పెద్ద విషయం.

అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. హెచ్-1బి ఆమోదించినట్టు వచ్చే ఐ-797 అప్రూవల్ నోటీసు, పాస్‌పోర్టు, వీసా పేజీ చూపించమనండి. అంతకుముందు పెళ్లై విడిపోయి ఉంటే కోర్టు డిక్రీ కాపీ ఇవ్వమనండి. అవి అడిగితే మగపెళ్లివాళ్లు ఏమనుకుంటారోనని మీ నాన్న మొహమాటపడతారు. నిజాయితీగా ఉన్న అబ్బాయి ఐదు నిమిషాల్లో పంపిస్తాడు. ఆయన పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు ఎంతవరకు ఉందో కూడా చూడండి. అది అయిపోయి ఉంటే ఆయన స్టాంపింగ్ కోసం ఇక్కడ చిక్కుకుపోవచ్చు.

హెచ్-4 పూర్తిగా భర్త వీసా మీద ఆధారపడి ఉంటుంది. ఆయన ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల గడువు ఇస్తారు. విడాకులైతే నీ స్టేటస్ పోతుంది. అక్కడ హింస ఎదురైతే 911కి ఫోన్ చేయడానికి ఏ వీసా అన్నది అడ్డం కాదు. పాస్‌పోర్టు, సర్టిఫికెట్ ఒరిజినల్స్ నీ దగ్గరే పెట్టుకుని, స్కాన్ కాపీలు మీ ఇంట్లో ఒకరికి ఇచ్చి వెళ్లు. జాతీయ మహిళా కమిషన్‌లో 2009 నుంచి ఎన్ఆర్ఐ సెల్ ఉంది. ఇక్కడి ఇంట్లోవాళ్లు కూడా దాని ద్వారా ఫిర్యాదు చేయొచ్చు. భర్త అక్కడి కోర్టులో ఒకవైపుగా విడాకులు తెచ్చుకున్నంత మాత్రాన మన దగ్గర అది చెల్లిపోదు. తిరుపతిలో పెళ్లి జరిగిన ఒక జంట కేసులో, అమెరికాలోని మిస్సోరీ కోర్టు ఇచ్చిన విడాకులు చెల్లవని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. వై.నరసింహారావు వర్సెస్ వై.వెంకటలక్ష్మి అని ఏ లాయరుని అడిగినా చెబుతారు.

మీ నాన్నతో 'నాకు భయం' అని చెబితే చిన్నపిల్ల మాటగా తీసేస్తారు బిడ్డా. 'జరగని పెళ్లి జరిగిందని రాసిస్తే నా వీసాకే ప్రమాదమట, సుప్రీంకోర్టు కూడా వద్దందట' అని చెప్పు. అబ్బాయితో మాత్రం నువ్వే నేరుగా మాట్లాడు. నిషేధం పడితే ఇబ్బంది ఆయనకూ ఉంటుంది కాబట్టి చాలామంది వెంటనే అర్థం చేసుకుంటారు. అంతా విన్నాక కూడా ఆ ఫారం మీద సంతకం పెట్టమని ఒత్తిడి చేస్తే, ఖాళీ కాగితం మీద గానీ, తేదీ లేని దరఖాస్తు మీద గానీ పెట్టకు. ఆ ఫారం ఫొటో తీసుకుని, దగ్గరలో ఉన్న ఒక వకీలుకి చూపించి మాట్లాడు. ఖర్చు పెట్టుకోలేని పరిస్థితి అయితే జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో మహిళలకు ఉచితంగా సలహా ఇస్తారు. దానికి ఆదాయ పరిమితి లేదు.