సర్వర్ సందేహాలు: మనిషి కూర్చోకుండా ఓఎస్ ఎక్కించాలంటే

ప్రశ్న: కాలేజీ ల్యాబ్ సర్వర్లకు పీఎక్స్‌ఈ (నెట్‌వర్క్ నుంచే బూట్ కావడం) ద్వారా ఆల్మాలైనక్స్ 9 ఎక్కిస్తున్నాం. ఇన్‌స్టాలర్ ప్రశ్నలకు జవాబులు ముందే ఉండే కిక్‌స్టార్ట్ ఫైల్ రాసిపెట్టాం. పాత సర్వర్లలో ఇన్‌స్టాల్ పూర్తయి రీబూట్ కాగానే మళ్లీ మొదటి నుంచి మొదలవుతోంది. కొత్తవేమో బూట్ ఫైల్ దిగిందని చూపించి, బూట్ మెనూకి వచ్చేస్తున్నాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఇవి రెండు వేర్వేరు జబ్బులు. కొత్త సర్వర్లు యూఈఎఫ్‌ఐలో (పాత బయోస్ స్థానంలో వచ్చిన ఫర్మ్‌వేర్) బూటవుతున్నాయి. వాటికి కూడా, నెట్‌వర్క్ అడ్రసులు పంచే మీ డీహెచ్‌సీపీ సర్వర్ పీఎక్స్‌ఈలైనక్స్.0 ఫైలే ఇస్తోందన్నమాట. అది పాత బయోస్ కోసం రాసింది. యూఈఎఫ్‌ఐ దాన్ని దింపుకుంటుంది కానీ నడపలేదు. అందుకే తప్పేమిటో చెప్పకుండా వెనక్కి పోతుంది. బూట్ అడిగే ప్రతి మెషీనూ డీహెచ్‌సీపీ ఆప్షన్ 93లో తన రకం చెబుతుంది: బయోస్ అయితే 0, 64 బిట్ యూఈఎఫ్‌ఐ అయితే సాధారణంగా 7. డీహెచ్‌సీపీకి డీఎన్ఎస్‌మాస్క్ ప్రోగ్రామ్ వాడుతుంటే 7కు ఒక ట్యాగ్ కట్టి, ఆ ట్యాగ్‌కు షిమ్ (గ్రబ్‌ కన్నా ముందు నడిచే చిన్న బూట్ ఫైల్) ఇవ్వండి. ఓఎస్‌ను లోడ్ చేసే గ్రబ్ ఫైల్ కూడా అదే ఫోల్డర్‌లో ఉండాలి, షిమ్ దాన్ని అక్కడే వెతుకుతుంది. నేరుగా గ్రబ్ ఇస్తే సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం ఉన్న ఫైళ్లనే నడపనిచ్చే రక్షణ) ఆన్‌లో ఉన్న మెషీన్లు ఒప్పుకోవు.

ఇక పాతవాటి సంగతి. బయోస్‌లో నెట్‌వర్క్ బూట్ మొదటి స్థానంలో ఉండిపోయింది, పీఎక్స్‌ఈ మెనూలో డిఫాల్ట్ కూడా ఇన్‌స్టాలే. యూఈఎఫ్‌ఐలో అయితే ఇన్‌స్టాలర్ తన ఎంట్రీని బూట్ వరుసలో ముందుకు తెచ్చుకుంటుంది కాబట్టి ఈ తిరుగుడు అక్కడ అరుదు. మెనూ డిఫాల్ట్‌ను లోకల్ డిస్క్‌కు మార్చండి. బయోస్‌లో కూడా డిస్క్‌నే ముందు పెట్టి, ఎక్కించాల్సిన రోజున మాత్రం సర్వర్‌ను దూరం నుంచి నడిపే ఐపీఎంఐటూల్ కమాండ్‌తో ఒక్కసారికి పీఎక్స్‌ఈ బూట్ అడగండి. యూఈఎఫ్‌ఐ మెషీన్లకు ఆ కమాండ్‌లో ఈఎఫ్‌ఐబూట్ ఆప్షన్ చేర్చాలి, లేకపోతే కొన్ని పాత మోడ్‌లోకి జారిపోతాయి.

అంతకన్నా పెద్ద ప్రమాదం కిక్‌స్టార్ట్ ఫైల్‌లోని క్లియర్‌పార్ట్ ఆల్ లైను. డిస్క్ పేరు చెప్పకపోతే డేటా డిస్కులు కూడా తుడిచేస్తుంది. అదే ఫైల్‌లో ఇగ్నోర్‌డిస్క్ లైనుతో ఒక్క డిస్క్‌కే కట్టడి చేయండి, అదీ ఎస్‌డీఏ అనే డిస్క్ పేరుతో కాదు. ఆ పేరు బూట్‌కో రకంగా మారవచ్చు. డిస్క్‌ను దాని గుర్తింపుతో చూపే బై-ఐడీ దారిలో సీరియల్ నంబర్ ఉంటుంది కాబట్టి ప్రతి సర్వర్‌కూ మార్చాలి. ఒకే మోడల్ సర్వర్లకు, డిస్క్ తగిలించిన చోటుతో చూపే బై-పాత్ దారి హాయి.

ఏ సర్వర్‌కూ అడ్రసే రాకపోతే మాత్రం స్విచ్ చూడండి. స్విచ్‌లో లూప్‌లు రాకుండా చూసే స్పానింగ్ ట్రీ, పోర్టును తెరవడానికి 30 సెకన్లు తీసుకుంటుంది, ఈలోగా పీఎక్స్‌ఈ ఓపిక అయిపోవచ్చు. సర్వర్ పోర్టులకు, ఆ ఆలస్యం లేకుండా తెరిచే పోర్ట్‌ఫాస్ట్ సెట్టింగ్ పెడితే సరి.

ప్రశ్న: ఉబుంటు సర్వర్ ఆటోఇన్‌స్టాల్ భాష ఎంచుకునే తెర దగ్గరే ఆగుతోంది. జవాబులు రాసిన యూజర్-డేటా ఫైల్‌లో తప్పు కనిపించడం లేదు.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ముందు వెబ్ సర్వర్ లాగ్ చూడండి. యూజర్-డేటా కోసం ఎవరూ అడగనే లేదంటే తప్పు కెర్నల్ లైనులో (బూట్ సమయంలో కెర్నల్‌కు ఇచ్చే ఆప్షన్లు) ఉంది. గ్రబ్‌కు సెమీకోలన్ అంటే కమాండ్ ముగింపు. ఫైళ్లు ఎక్కడున్నాయో చెప్పే డీఎస్ విలువలో దాని తర్వాత రాసిన అడ్రస్ మొత్తం కోసేస్తుంది, కెర్నల్‌కు చేరదు. విలువను కొటేషన్లలో పెట్టండి. అడ్రస్ చివర స్లాష్ మరవద్దు. అడిగిందిగానీ 404 (ఫైల్ దొరకలేదు) వచ్చిందంటే, మెటా-డేటా ఫైల్ లేకపోయి ఉండవచ్చు. అది ఖాళీదైనా ఫర్వాలేదు, ఉండాలి. యూజర్-డేటా మొదటి లైను హ్యాష్ గుర్తుతో క్లౌడ్-కాన్ఫిగ్ అనే ఉండాలి. అన్నీ సరిగ్గా ఉన్నా కెర్నల్ లైనులో ఆటోఇన్‌స్టాల్ అనే మాట లేకపోతే, డిస్క్ తుడిచే ముందు అవునా కాదా అని అడిగి ఆగుతుంది.

ప్రశ్న: మా ఆఫీసులో సొంతంగా డీహెచ్‌సీపీ పెట్టనివ్వరు. పెన్‌డ్రైవ్‌తో కుదురుతుందా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఆల్మా, రాకీ, రెడ్ హ్యాట్ అయితే సులువే. ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్‌తో పాటు ఇంకొకటి తీసుకుని, దానికి ఓఈఎండీఆర్‌వీ అని పెద్దక్షరాల లేబుల్ పెట్టి, అందులో పై స్థాయిలోనే కేఎస్.సీఎఫ్‌జీ ఫైల్ వేయండి. బూట్ ఆప్షన్ ఏదీ ఇవ్వకుండానే ఇన్‌స్టాలర్ దాన్ని తీసుకుంటుంది. ఉబుంటుకు లేబుల్ సీఐడేటా. పెన్‌డ్రైవ్ కూడా ఒక డిస్కే కాబట్టి, పైన చెప్పిన బై-పాత్ జాగ్రత్త ఇక్కడ ఇంకా అవసరం.