వెనకవైపు చూడకుండా కొనకు

అమ్మలూ,

నువ్వు కొనాలనుకుంటూ పంపిన, పాతకాలపు అమెరికా బేస్‌బాల్ ఆటగాడు బేబ్ రూత్ ఫొటో చూశాను. తొందరపడి డబ్బు కట్టకు. అమ్మేవాళ్ళు ముందువైపు నాలుగు బొమ్మలు పెట్టారు, వెనకవైపు ఒక్కటీ పెట్టలేదు. పాత బేస్‌బాల్ ఫొటో కొనాలనుకునేవాళ్ళు మొట్టమొదట అడగాల్సింది ఆ వెనకవైపే.

రూత్‌ని చూసుకోవడానికే అయితే పైసా ఖర్చు పెట్టక్కర్లేదు. న్యూయార్క్‌లో జార్జ్ గ్రాంథమ్ బెయిన్ నడిపిన వార్తా ఫొటోల సంస్థ నెగటివ్‌లు 1948లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి చేరాయి. గాజు నెగటివ్‌లే సుమారు 40,000. అందులో ఆ కాలపు ఆటగాళ్ళు బోలెడుమంది ఉన్నారు, ఎవరైనా ఇంట్లో కూర్చుని దించుకోవచ్చు. మరి మనం వేల డాలర్లు దేనికి పోస్తున్నాం? ఆ ఆట జరిగిన రోజుల్లోనే ఆ నెగటివ్ నుంచి తీసిన కాగితానికి. ఆ కాగితం వయసు తేల్చుకోవడమే ఈ విద్యంతా.

వేలం జాబితాల్లో టైప్ 1, టైప్ 2 అని రాస్తారు, చూసే ఉంటావు. ఫొటో తీసిన రెండేళ్ళలోపు, అసలు నెగటివ్ నుంచే వేసిన ప్రింటు టైప్ 1. అదే నెగటివ్ నుంచి తర్వాతెప్పుడో వేస్తే టైప్ 2. నకలు నెగటివ్ నుంచి గానీ, తంతి ద్వారా (వార్తాసంస్థ తీగల మీద ఊరికి ఊరు పంపించే పద్ధతిలో) గానీ వచ్చి, ఆ రెండేళ్ళలోపుదే అయితే టైప్ 3. అలాంటి నకలే చాలాకాలం తర్వాత వేసిందైతే టైప్ 4. నాట్ ఫైన్ తీసిన ఫొటో ఉంది కదా, 1948 జూన్ 13న యాంకీ స్టేడియంలో జబ్బుపడ్డ రూత్ బ్యాట్ ఊతంగా పట్టుకుని నిలబడ్డది. మిగతావాళ్ళంతా ఎదురుగా నిలబడితే ఫైన్ వెనక్కి వెళ్ళి, వీపు మీది 3 అంకె కనిపించేలా తీశాడు. ఆ నంబరు ఇక ఏ ఆటగాడికీ ఇవ్వకుండా దానికి వీడ్కోలు పలికిన రోజది. రెండు నెలలకి రూత్ పోయాడు, మరుసటి ఏడు ఆ ఫొటోకి పత్రికారంగంలో పేరున్న పులిట్జర్ బహుమతి వచ్చింది. ఆ బొమ్మకి 1948లో పత్రిక ఆఫీసులో వేసిన ప్రింటూ ఉంటుంది, దశాబ్దాల తర్వాత వేసి ఫైన్ సంతకం చేసిన ప్రింటూ ఉంటుంది. రెండూ అసలువే, రెండూ అందమైనవే. ధరలకి మాత్రం పొంతన ఉండదు. రెండోదాన్ని మొదటిదాని ధరకి అమ్మడమే ఈ బజారులో ఎక్కువగా జరిగే మోసం.

ఇక వెనకవైపు ఏం చూడాలో చెప్తాను. ఫొటో సంస్థ కొట్టిన రబ్బరు స్టాంపు చూడు. బెయిన్, అండర్‌వుడ్, ఆక్మే, ఇంటర్నేషనల్ న్యూస్ ఫొటోస్, ఇలా ఏ సంస్థ పేరుందో చూసి ఆ పేరు ఏ సంవత్సరాల్లో వాడుకలో ఉందో సరిచూడు. యునైటెడ్ ప్రెస్ ఇంటర్నేషనల్ అనే పేరే 1958లో పుట్టింది. కాబట్టి 1927 నాటి రూత్ ఫొటో మీద వేరే గుర్తులేమీ లేకుండా ఆ స్టాంపు ఒక్కటే ఉంటే, ఆ కాగితం చాలావరకు 1958 తర్వాతదే. అమ్మేవాడు ఎంత పెద్దమనిషైనా సరే. తర్వాత పత్రిక ఆఫీసువాళ్ళు కొట్టిన తేదీ ముద్రలు, పెన్సిల్ రాతలు, అంటించిన వివరాల చీటీ, అచ్చయిన వార్త కత్తిరింపు. ఒక ఫొటోని పదేళ్ళలో మూడుసార్లు వాడితే మూడు తేదీలూ పడతాయి. అప్పుడు అన్నిటికంటే పాత తేదీని పట్టుకో.

అక్కడితో ఆగకు. ఫొటోని దీపం కింద ఏటవాలుగా తిప్పి చూడు. పాత వెండి ప్రింట్ల అంచుల్లో, నల్లగా ఉన్నచోట, నీలి మెరుపు తేలుతుంది. కాగితంలో ఉన్న వెండి ఏళ్ళ తరబడి పైకి వచ్చి అలా పేరుకుంటుంది. చీకట్లో యూవీ టార్చి వెయ్యి. తెల్లదనం కోసం కాగితంలో మెరుగు రసాయనాలు కలపడం 1950ల్లో మొదలైంది. కాబట్టి రూత్ కాలపు మరో ఆటగాడు టై కాబ్ ఫొటో నీలంగా ధగధగా వెలిగితే అది కాబ్ ఆడిన కాలపు కాగితం కాదు. వెలగకపోయినంత మాత్రాన పాతదని రుజువు కాదు, అది కూడా గుర్తుంచుకో. వెనకవైపు ప్లాస్టిక్ పూతలా నున్నగా తగిలితే అది ఇంకా కొత్తది, 1970 ప్రాంతం తర్వాతది. భూతద్దంలో చుక్కలు కనిపిస్తే అది ఫొటోయే కాదు, ఏ పుస్తకంలోంచో చింపిన బొమ్మ. సన్నటి అడ్డగీతలు కనిపించి, వివరాలు బొమ్మలోనే అచ్చై ఉంటే తంతి ఫొటో. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఆ పద్ధతి 1935లో మొదలుపెట్టింది.

ముందువైపు తెల్లరంగు పూతలు, ఎర్ర పెన్సిల్ గీతలు ఉంటే బెంగపడకు. పత్రికలో అచ్చుకి సిద్ధం చేసిన గుర్తులవి. వాటిని తుడిపించాలని మాత్రం చూడకు, తుడిస్తే ఫొటో చరిత్ర కూడా పోతుంది.

ఎవరి ఫొటోలు కొనాలని అడిగావు. నా మాట వింటే ఆటగాడి పేరుతో కాకుండా ఫొటోగ్రాఫర్ పేరుతో మొదలుపెట్టు. చార్లెస్ కాన్లన్ న్యూయార్క్‌లో ఒక పత్రికకి ప్రూఫ్ రీడర్. తీరిక వేళల్లో మైదానానికి వెళ్ళి గాజు పలకల మీద ఫొటోలు తీశాడు. 1910లో కాబ్ మూడో బేస్ మీదికి దుమ్ము లేపుతూ జారుతుంటే, కాపలా ఉన్న జిమ్మీ ఆస్టిన్ తూలిపోయిన ఆ క్షణం ఆయనదే. అది తీశానో లేదో తనకే తెలియక, ఎందుకైనా మంచిదని పలక మార్చేశాడు. ఆయన చేతి ప్రింటు కాబ్‌ది కొనలేకపోవచ్చు. ఎవరికీ గుర్తులేని పిచ్చర్‌ది (బంతి విసిరేవాడిది) కొను. అదే కెమెరా, అదే కాగితం, వెనక అదే స్టాంపు. నీ కన్ను దాని మీదే తయారవుతుంది. నల్లజాతి ఆటగాళ్ళకి అప్పట్లో విడిగా ఉండే లీగుల ఫొటోలు కూడా వెతుకు. అందులో ఆడిన జోష్ గిబ్సన్, సాచెల్ పేజ్ లాంటివాళ్ళకి పెద్ద పత్రికలు అంతగా చోటివ్వలేదు కాబట్టి ఆ కాలపు ప్రింట్లు తక్కువ. పిట్స్‌బర్గ్‌లో టీనీ హారిస్ లాంటి నల్లజాతి ఫొటోగ్రాఫర్లు తీసినవి ఇప్పుడు మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. కొనే ముందు వాటిని చూసి రా.

ఇంకొక్కటి, ఇది గట్టిగా చెప్తున్నాను. మనూళ్ళో స్థలం కొనేప్పుడు లింకు డాక్యుమెంట్లు అడిగినట్టు, ఈ ఫొటో ఎవరి చేతుల్లోంచి వచ్చిందో అడుగు. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీకి 1921లో వచ్చిన స్పాల్డింగ్ అనే పాత బేస్‌బాల్ సేకరణలోంచి పంతొమ్మిదో శతాబ్దపు ఫొటోలు కొన్ని దొంగతనంగా బయటికి పోయాయి. వెనక ఏదైనా ముద్ర గీకేసినట్టు, కాగితం పలచబడినట్టు అనిపిస్తే ఎంత చవకైనా వదిలెయ్యి. అది అందరి సొత్తు.

దాచడం పెద్ద పనేం కాదు. పాలియెస్టర్ కవరు, ఆమ్లం లేని అట్ట, ఎండా తేమా తగలని బీరువా. హ్యూస్టన్‌లో మీ గరాజీ మాత్రం వద్దు. టేపు వెయ్యకు, లామినేషన్ అసలే చేయించకు. ఫొటో నీదైనంత మాత్రాన అచ్చేసుకునే హక్కు నీకు వచ్చినట్టు కాదు, పిల్లాడి టీషర్టుల ఆలోచన ఉంటే మానుకో.

ప్రస్తుతానికి ఆ రూత్ అమ్మేవాళ్ళకి రెండు అడుగు: వెనకవైపు మొత్తం కనిపించే ఫొటో, యూవీ టార్చి కింద తీసిన ఫొటో. వస్తే వాట్సాప్‌లో పెట్టు, ఆదివారం ఇద్దరం కూర్చుని చూద్దాం. పంపడానికి నసిగితే ఇక ధర గురించి మాట్లాడకు.

మామయ్య